చక్రంలో కందెన

నా ఎడమ చెయ్యి మోచేతి కింద కాస్త వంకర. బిందె ఎత్తేటప్పుడు, తల దువ్వుకునేటప్పుడు అది బయటపడుతుంది. మొదట్లో ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా అడిగితే నాకన్నా ముందు మా అత్తగారు మంగమ్మ అందుకునేది. "దసరా నాడు మోటరు సైకిల్ మీదికెల్లి పడ్డది. ఆ సూర్యాపేట మెకానిక్ పని సక్కగ చెయ్యలే" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. విరిగింది నా చెయ్యి. పోయింది ఆ మెకానిక్ మట్టయ్య పరువు. ఇంట్లో మిగతా అందరూ నిశ్చింతగా భోంచేసి చెయ్యి కడుక్కునేవాళ్ళు.

మాది మిర్యాలగూడలో రైస్ మిల్లు, ఇల్లూ ఆ ఆవరణలోనే. సాగర్ ఎడమ కాలువకు నీళ్ళొచ్చి, వడ్లు ఎక్కడ పోసుకోవాలో తెలియనంతగా పండుతున్న రోజుల్లో మా మామగారు వీరయ్య కిరాణా దుకాణం తీసేసి మిల్లు కట్టించారు. మా ఆయన గోపాలకృష్ణ ఆయనకు ఒక్కడే కొడుకు. గరిడేపల్లి, పాలకీడు వైపు ఊళ్ళు తిరిగి, కల్లాల దగ్గరే వడ్లు చూసి, ధర మాట్లాడుకొని రావడం మా ఆయన పని. దానికోసం ఒక రాజ్‌దూత్ మోటారు సైకిలు కొన్నారు. బండి ఇంటికొచ్చిన రోజే తగువు కూడా ఇంటికొచ్చింది. దాని బాగోగులు ఇంట్లో చూసుకోవాలా, బయట చూపించాలా?

మా ఆయన దాన్ని సూర్యాపేటలో మట్టయ్య షెడ్డుకు తీసుకుపోయేవాడు. మట్టయ్య మంచివాడని ఎవరూ అనరు. నోరు తెరిస్తే తిట్లే. బండి ఆలస్యంగా తెచ్చావని తిట్టేవాడు, ఊరికే ఎందుకు తెచ్చావని తిట్టేవాడు. ఇంటి దగ్గర ఒక్క బోల్టు కదిపినట్టు కనిపిస్తే చాలు, "ఇప్పినోడే బిగించుకోవాలె" అని బండిని రోడ్డు మీదికి నెట్టేవాడు. అయినా మిర్యాలగూడ మిల్లుల బళ్ళన్నీ అక్కడికే పోయేవి. మట్టయ్య చెయ్యి పడ్డ బండి మీద పోతుంటే కింద బండి ఉందన్న సంగతే గుర్తుండదని మా ఆయన అనేవాడు.

మామగారికి ఇది నామోషీగా ఉండేది. "మిల్లు ఇంజను ఇప్పి బిగించే ఫిట్టరు ఇంట్లుండంగ, సూర్యాపేట దాక పోయి ఆడెవనితోనో తిట్లు పడుడెందుకు?" అనేవారు. మా ఆయన తండ్రికి ఏ విషయంలోనూ ఎదురు చెప్పేవాడు కాదు గానీ, బండి మాత్రం మట్టయ్య దగ్గరికే తీసుకుపోయేవాడు. అదే ఆయన ధైర్యం.

మామగారు ఎడ్లబండి తోలి పైకొచ్చిన మనిషి. రజాకార్ల రోజుల్లో బెల్లం బస్తాలు వేసుకొని సూర్యాపేట నుంచి చీకట్లో బండి తోలుకొచ్చేవారట. ఇరుసు కిర్రుమంటే పొలాల మీదుగా ఎంతో దూరం వినిపిస్తుంది. దోచుకునేవాళ్ళు ఆ చప్పుడు పట్టుకొని వస్తారు. "నా బండి పోతుంటె నా ఎడ్లకు కూడ ఇనపడేది కాదు. నా చేతి కందెన అసొంటిది" అని ఎన్నిసార్లు చెప్పేవారో. ఆముదంలో వరిగడ్డి కాల్చిన మసి కలిపి నూరిన నల్లటి ముద్దే కందెన. దాన్ని ఇంకొకరి చేత పెట్టనిచ్చేవారు కాదు. మిల్లుకు ఉన్న ఎడ్లబళ్ళకు దసరాకు ముందు చక్రాలు ఊడదీయించి, పాత జిడ్డు గీకించి, పంచె ఎగ్గట్టుకొని కూర్చొని తానే వేళ్ళతో పూసేవారు. ఇంటి పెద్ద చేతి కందెన పడితే బండి ఏడాదంతా క్షేమంగా తిరిగొస్తుందని ఆ ఇంటి నమ్మకం.

ఆ నమ్మకాన్ని నేను వెక్కిరించను. కోదాడలో మా నాన్నకూ బళ్ళుండేవి. నేనూ ఆ ఆముదం వాసనలో పెరిగినదాన్నే. ఇనుప పట్టా వేసిన కర్ర చక్రానికి కందెన కావాలి. దాన్ని ఎవరు కాదన్నారు?

ఆ ఏడు దసరాకు ముందే మా ఆయన రాజ్‌దూత్‌ను మట్టయ్యకు చూపించి తెచ్చాడు. పండగ పొద్దున మామగారు ఎడ్లబళ్ళ పని ముగించి, చేతిలో కందెన చిప్పతో అటూ ఇటూ చూశారు. మోటారు సైకిలు కనిపించింది. అది మాత్రం బండి కాదా అనుకున్నట్టున్నారు. ఫిట్టరు రామనర్సయ్యను పిలిచి చక్రాలు ఊడదీయమన్నారు. నేను వెనక వసారాలో కూర్చొని బంతిపూలు గుచ్చుతున్నాను. మా ఆయన మామిడాకుల తోరణం పట్టుకొని అక్కడే నిలబడ్డాడు.

రామనర్సయ్య చక్రం తెచ్చి ముందు పెట్టాడు. దాని నడుమ గిన్నెలాంటి గుంట ఉంది. మామగారు అందులో వేలు పెట్టి తిప్పారు. వేలికి ఏమీ అంటలేదు.

"సూడుర్రి. సుక్క నూనె లేదు. లోపలంత ఎండిపోయింది. పైసలు తీసుకొని గిట్లనా చేసేది?"

రామనర్సయ్య నసిగాడు. "గది బ్రేకు పట్టే జాగ సేటూ. గాడ నూనె పెట్టరేమో."

"ఏమో అంటే నీకు తెల్వదన్నట్టే గద."

"నాకు మిల్లు ఇంజనే ఎరుక సేటూ. గిది నాకెరుక లేదు."

మా ఆయన నోరు తెరవబోయాడు. నేను చూశాను. మామగారు తలెత్తి "ఏందిరా" అన్నారు. మా ఆయన "ఏం లేదు నాయినా" అని తోరణం కట్టడానికి గుమ్మం వైపు పోయాడు. మామగారు రెండు చక్రాల గుంటలనూ కందెనతో నింపేశారు. పసిబిడ్డకు నలుగు పెట్టినంత శ్రద్ధగా పూశారు. నాకు తెలిసిన చక్రాలన్నిటికీ కందెన కావలసిందే గనక నేను పూలు గుచ్చుకుంటూ కూర్చున్నాను.

బండికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చక్రాల కింద నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టాక మామగారు అన్నారు, "పూజ చేసిన బండి ఉత్తగ నిలవడొద్దు. ఇద్దరు కాలువ దాక పోయి పాలపిట్టను సూసి రాండ్రి." దసరా నాడు పాలపిట్ట కనిపిస్తే ఏడాదంతా శుభం. నేను కొత్త నీలం చీర కట్టుకొని వెనక ఒక పక్కకు కూర్చున్నాను. నిమ్మకాయలు చితికాయి. బండి గేటు దాటింది.

గేటు బయట మలుపులో ఒక మేకపిల్ల అడ్డం వచ్చింది. మా ఆయన బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, చెప్పులు ఈడ్చుకుంటూ గోడ దగ్గర ఎలాగో నిలబెట్టాడు. మేకపిల్ల బతికిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు" అన్నాడు.

వెనక్కి తిరిగి గేటు వైపు చూశాడు. మామగారు అక్కడే నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. చేతిలో కొబ్బరి చిప్ప, మొహం నిండా సంతోషం. మా ఆయన నుదురు తుడుచుకొని మళ్ళీ బండి తీశాడు.

కాలువ కట్ట మీది నుంచి వంతెన దాకా దారి వాలుగా దిగుతుంది. కింద, పాలపిట్టను చూసి వస్తున్న జనంతో ఒక ఎడ్లబండి వంతెన ఎక్కుతోంది. మా ఆయన అరిచాడు. మా బండి వేగం పెరిగిందే గానీ తగ్గలేదు. ఎడ్లను తప్పించబోయి వంతెన గోడకు కొట్టాడు. ఆయనకు మోకాళ్ళు గీరుకుపోయాయి. నా చెయ్యి నా కిందే పడి విరిగింది.

దవాఖానకు తీసుకుపోతారనుకున్నాను. చేతికి కూడా ఇంటి పద్ధతే అయింది. కట్టు కట్టే మనిషిని ఇంటికి పిలిపించి, ఆకు పసరు పోసి, వెదురు బద్దలు పెట్టి కట్టించారు. "బండికి సూర్యాపేట, చేతికి దవాఖాన, అన్నిటికి బయటోళ్ళే అయితే ఇంట్ల మనమెందుకు?" అన్నారు మామగారు. నొప్పితో పళ్ళు కొరుక్కుంటూ ఆ మాట కూడా విన్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటు.

పండగ మర్నాడే ఆయన తీర్పు చెప్పేశారు. బ్రేకు పడలేదంటే బ్రేకు చేసినవాడిదే తప్పు. చేసింది ఎవరు? మట్టయ్య. ఆయన అబద్ధం చెప్పాలని చెప్పలేదు. తాను పెట్టిన కందెన వల్ల ఒక చక్రానికి చెడు జరుగుతుందన్న ఊహ ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ రాలేదు. మార్కెట్లో చెప్పారు, గుడి దగ్గర చెప్పారు, మిల్లు యజమానులు కూర్చున్న చోటల్లా చెప్పారు. వీరయ్య సేటు కోడలి చెయ్యి విరగ్గొట్టిన షెడ్డుకు బండి పంపడానికి ఎవరికి మనసొప్పుతుంది? సూర్యాపేటకు పోయే బళ్ళు ఒకటొకటిగా ఆగిపోయాయి.

నాకు నిజం చెప్పింది నా చీర. అత్తగారు దాన్ని ఉతికించి తెచ్చి, "అంచుకు నల్ల మరకలు. ఎంత రుద్దినా పోతలేవు పిల్లా" అని మంచం మీద పడేసింది. చేతికి బద్దలతో ఉన్నదాన్ని, ఊరికే కూర్చోలేక ఆ అంచు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆముదం, కాలిన గడ్డి. నేను పుట్టినింట్లో ఎరిగిన వాసన. నేను కూర్చున్నది వెనక చక్రం పక్కన. ఆ చక్రంలో నుంచి చిమ్మిందే ఇది. వంతెన వాలులో బండి ఎందుకు ఆగలేదో మంచం మీద కూర్చున్నచోటే నాకు అర్థమైంది.

సాయంత్రం మా ఆయన రాగానే చీర ముందు పెట్టాను.

"ఇది కందెన కదా?"

ఆయన చీర వైపు చూడలేదు.

"కందెన పెడితే బ్రేకు పడుతుందా?"

"మెల్లగ మాట్లాడు."

"పడుతుందా?"

"పడదు."

"మరి మట్టయ్య మీద పెట్టి ఊరంతా మాట్లాడుతుంటే వింటూ ఊరుకున్నారేం?"

మా ఆయన తలుపు దగ్గరగా వేశాడు. "నాయిన పండగ నాడు తన చేతితోని పెట్టిండు. నీ చేతులనే కోడలి చెయ్యి విరిగిందని ఎట్ల చెప్పాలె? ఆయన పానం తట్టుకుంటదా?"

"మీ నాన్న ప్రాణం సుకుమారం. మట్టయ్య ప్రాణం మొండిదా?"

"ఆనికేంది, ఇయ్యాల కాకుంటే రేపు మళ్ళ బండ్లొస్తయి. జనం మర్చిపోతరు."

ఆ రాత్రి నేను ఆయనకు వడ్డించలేదు. చెయ్యి విరిగినందుకు వడ్డించలేదని అత్తగారు అనుకుంది.

మామగారితో నేరుగా మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో కోడళ్ళకు లేదు. అందుకని అత్తగారితో చెప్పాను. ఆమె భయపడుతూనే ఆయన చెవిన వేసింది. పక్క గదిలోకి ఆయన నవ్వు వినిపించింది. "కందెన పెడితే బండి చెడుతదా? ఆ మట్టయ్య చెప్పి పంపిండా కోదాడ పిల్లకు?" దాంతో ఆ మాట ఖతం. నా మాట ఆయనకు మాట కాదు. రామనర్సయ్య మాటా మాట కాదు. నమ్మితే కొడుకు మాట నమ్మాలి. ఆ కొడుకేమో నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు తిరుగుతున్నాడు.

మట్టయ్యే స్వయంగా వచ్చాడు. బస్సు దిగి, పానాలున్న పనిముట్ల సంచి భుజాన వేసుకొని, మిల్లు గేటు దగ్గర నిలబడి పిలిచాడు. హమాలీలు బస్తాలు దించి చూశారు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"సేటూ, బండి బయట పెట్టియ్యి. గీడ అందరి ముందర చక్రమిప్పుత. నా పనిల తప్పుంటే నా షెడ్డుకు తాళమేసి నీ చేతుల పెట్టి పోత."

మామగారు గద్దె మీంచి లేవలేదు. "నా బండి మీద మళ్ళ నీ చెయ్యి పడద్దు. ఇంట్లనే సూసుకుంటం."

"సూసుకో. నీ బండి నీ ఇష్టం. నా పేరు నీ ఇష్టం కాదు. మిర్యాలగూడ నుంచి ఒక్క బండి వస్తలేదు. నా నోరు చెడ్డది సేటూ, నేనే ఒప్పుకుంట. నా చెయ్యి చెడ్డది కాదు."

మామగారు మొహం తిప్పుకున్నారు. మట్టయ్య అప్పుడు మా ఆయన వైపు తిరిగాడు.

"చిన్నసేటూ, నువ్వు చెప్పు. నా షెడ్డు కాడికెల్లి నువ్వే తోలుకొచ్చినవ్. నేనిచ్చిన నాడు బ్రేకు పట్టిందా, పట్టలేదా?"

అంతకన్నా తేలిక ప్రశ్న ఉంటుందా? పట్టింది అంటే చాలు. ఒక్క ముక్క. తండ్రి పేరెత్తనక్కర్లేదు, కందెన ఊసెత్తనక్కర్లేదు. నేను తలుపు చెక్కను గట్టిగా పట్టుకున్నాను. మా ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు, బెల్లం కొట్టిన రాయిలాగా.

"యాదికి లేదు" అన్నాడు.

ఎప్పుడూ తిట్టే మట్టయ్య తిట్టలేదు. సంచి సర్దుకొని పోతూ, తలుపు సందులో నుంచి కనిపిస్తున్న నా చేతి కట్టు చూసి ఆగాడు. "చెయ్యి విరిగింది నీదమ్మా. నువ్వన్న అడుగు వీళ్ళను" అన్నాడు. అని బస్సు కోసం నడిచిపోయాడు.

ఆ తరవాత మా ఆయనతో మాట్లాడటం మానేశాను. అడిగిందానికి ఊ అనీ ఊహూ అనీ. కట్టు విప్పారు, చెయ్యి వంకర తేలింది. అత్తగారు కళ్ళు తుడుచుకొని, మట్టయ్యను శపించింది. ఎవరినో శపించాలి కదా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆ ఇంట్లో ఏది వంకర పోయినా ఓటిది మట్టయ్యే.

కొత్త వడ్లు కల్లాలకు వచ్చాయి. మా ఆయన ఊళ్ళు తిరగాలి. రామనర్సయ్య వంగిన హ్యాండిల్‌ను సుత్తితో కొట్టి ఓ దారికి తెచ్చాడు. ఇక నుంచి బండి పని మొత్తం ఇంట్లోనే అని మామగారు ప్రకటించారు. మంచి రోజు చూసి బయలుదేరదీయాలన్నారు. ముందురోజు మా ఆయన నాతో రాజీకి వచ్చినట్టు మెల్లగా చెప్పాడు. "రేపు నాయిన మళ్ళ కందెన పెడుతడు. పెట్టనీ. ఊరు దాటినంక ఆపి తుడుచుకుంట. ఎవలకు నొప్పి ఉండదు." పాము చావకుండా కర్ర విరగకుండా బతకడంలో ఆయన్ను మించినవాడు లేడు. ఎవరికీ నొప్పి ఉండదట. నా చేతి వైపు చూస్తూనే అన్నాడు ఆ మాట.

మర్నాడు పొద్దున మిల్లు ముంగిట మామగారు పీట వేసుకొని కూర్చున్నారు. చక్రాలు ఊడదీయించి, కందెన పెట్టి, మళ్ళీ బిగింపజేశారు. వడ్ల బళ్ళు తోలుకొచ్చిన రైతులు, హమాలీలు చుట్టూ నిలబడి చూస్తున్నారు. "గిదీ పని అంటే. ఇగ సూర్యాపేట మొకం సూసే పని లేదు" అంటున్నారు ఆయన. మా ఆయన పక్కన నిలబడి తల ఊపుతున్నాడు.

ఆ తల ఊపడం నేను చూడలేకపోయాను. ఇంట్లో నుంచి నేరుగా ముంగిట్లోకి నడిచాను.

"మామయ్యా" అన్నాను.

హమాలీల మాటలు ఆగిపోయాయి. గుమ్మంలో నుంచి అత్తగారు "కన్యకా, లోపలికి రా" అంది. నేను వినిపించుకోలేదు.

"ఈసారి ఆయన వెనక మీరు కూర్చోండి. కాలువ వంతెన దాకా పోయి రండి. మీరు తిరిగొచ్చాక ఈ ఇంట్లో సూర్యాపేట పేరు నేనెత్తను."

ఎంత పెద్ద మాట అన్నానో నాకు తెలుసు. ఆ వాలు నాకు తెలుసు, ఆ గోడ తెలుసు. కోపంలో ఉన్న మనిషి లెక్కలు చూసుకోదు. నేను ఆ క్షణాన చూసిందల్లా మా ఆయన మొహమే. ఇప్పుడైనా నోరు తెరుస్తాడా, తెరవడా?

మామగారు తిడతారనుకున్నాను. ఆయన నా వంక చూసి, తరవాత బండి వంక చూసి, నవ్వారు. "మంచి మాటన్నవ్. నా చేతి పని మీద నాకు భయమా?" అని లేచి, పంచె బిగించి కట్టుకున్నారు. ఆయన అంతవరకు ఆ బండి ఎక్కలేదు. కొడుకు భుజం పట్టుకొని, కాలు అటు వేసి, ఎడ్లబండి తొట్టిలో కూర్చున్నంత ధీమాగా కూర్చున్నారు. "పోనియ్యిరా" అన్నారు. ఆయన మొహంలో ఎక్కడా జంకు లేదు. ఇన్నాళ్ళూ ఆయన మీద నాకున్న కోపంలో సగం అక్కడే పోయింది. ఆ మనిషికి నిజంగానే తెలియదు.

మా ఆయన కిక్కు మీద కాలు పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"ఏందిరా, పోనియ్యి."

"దిగు నాయినా."

"ఎందుకు?"

"దిగు. బ్రేకు పడదు."

"రామనర్సయ్య బిగించిండు గద."

"ఎవలు బిగించినా పడదు. గాడ నూనె తగలొద్దు. కందెన ఉన్నంత సేపు బండి ఆగదు. ఆ వాలుల మనం ఆగం." మా ఆయన వెనక్కి తిరిగాడు. "మట్టయ్య మంచిగనే చేసిండు. ఆ నాడు కూడ కందెనకే ఆగలే. నువ్వు దిగు నాయినా, నీకేమన్న అయితే నేను బతకను."

మామగారు మెల్లగా దిగారు. వేళ్ళ సందుల్లో ఇంకా నల్లగా అంటుకొని ఉన్న కందెనను చూసుకున్నారు. దాన్ని పంచెకు తుడుచుకోబోయి ఆగిపోయారు.

"నీకెప్పుడు ఎరుక?" అని అడిగారు కొడుకును.

"ఆ నాడే."

"పడ్డంకనా?"

మా ఆయన అలవాటుగా నేల చూశాడు. ఇక దాచే ఓపిక లేనట్టుంది. "గేటు మలుపు కాడనే. మేకపిల్ల అడ్డమొచ్చినప్పుడే. తొక్కితే ఆగలే. నువ్వు గేటు కాడ నిలవడి సూస్తున్నవ్. పండగ పూట, పూజ చేసిన బండి ఎనుకకు ఎట్ల మలపాలె అనుకున్న. మెల్లగ పోతే ఏం కాదనుకున్న."

అని తలెత్తి నన్ను చూశాడు. నేను అక్కడే ఉన్నానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు.

పడ్డాక తెలిసిందనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. తండ్రి మీది భయంతో నిజం దాచాడనుకున్నాను, పిరికివాడనుకున్నాను, దానికే మండిపడ్డాను. బండి ఆగదని తెలిసి, నన్ను వెనక కూర్చోబెట్టుకొని ఆ వాలు దిగాడు.

"నేనూ వెనకే ఉన్నాను" అన్నాను. "ఏమైందని అడిగాను కూడా."

ఆయన బండి దిగి స్టాండు వేశాడు.

"మీ నాన్నను దిగమన్నారు. నన్నెందుకు దిగమనలేదు?"

మామగారు నా చేతి వంక చూశారు. కట్టు విప్పాక ఆయన దాన్ని సరిగ్గా చూడటం అదే మొదటిసారి.

"ఎడ్లను కట్టుర్రి" అన్నారు బండివాడితో. "ఆ మోటరు సైకిలు ఎత్తి తొట్ల ఎయ్యుర్రి. సూర్యాపేట పోతున్న."

"నేనొస్త నాయినా" అన్నాడు మా ఆయన.

"నువ్వొద్దు."

బండి ఎక్కేముందు నా దగ్గర ఆగారు. ఏదో చెప్పబోయారు. కోడలితో మాట్లాడే అలవాటు లేని నోరు. "దవాఖానల సూపిద్దాం" అన్నారు చివరికి. ఎముక అతుక్కున్నాక దవాఖానవాళ్ళు మాత్రం ఏం చేస్తారు? నేను తలూపాను. బండివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, ముసలాయన ఎడ్లను తనే తోలుకొని పోయారు. ఎడ్లబండి గేటు దాటి, మలుపు తిరిగి పోయింది. ఇరుసు కిర్రుమనలేదు.

మట్టయ్య షెడ్డు ముందు మామగారు ఏమన్నారో, మట్టయ్య ఏమన్నాడో నాకు తెలియదు. బండివాడు మాత్రం మట్టయ్య చాలాసేపు తిట్టాడనీ, సేటు చేతులు కట్టుకొని నిలబడి అన్నీ విన్నారనీ చెప్పాడు. తిరిగొచ్చాక మార్కెట్లో, గుడి దగ్గర, ఎక్కడెక్కడ మట్టయ్య పేరు చెడగొట్టారో అక్కడికల్లా పోయి, "నా చేతి కందెన వల్లనే కోడలి చెయ్యి విరిగింది" అని చెప్పుకున్నారు. ఆ వయసులో ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమో నేను చూశాను. బళ్ళు మళ్ళీ సూర్యాపేట దారి పట్టాయి.

మా రాజ్‌దూత్ కూడా ఇప్పుడు అక్కడికే పోతుంది. మామగారే గుర్తుచేసి పంపిస్తారు. బ్రేకు మీద కాలు ఆనిస్తే చాలు, ఎక్కడంటే అక్కడ ఆగుతుందని అందరూ అంటారు. అంటే నేను నమ్ముతాను.

కోదాడకు పోవాలంటే నేను బస్సుకే పోతాను. మొదట్లో మా ఆయన బండి తీసి గేటు దగ్గర పెట్టి, "బస్సెందుకు, నేను దించొస్త రా" అనేవాడు. సంచి కుడిచేతిలోకి మార్చుకొని నేను ముందుకు నడిచేదాన్ని. ఇప్పటికీ ఎప్పుడైనా అడుగుతాడు. "బండి మంచిగనే ఉంది గద. ఇంక ఏమైంది నీకు?"

"ఏం లేదు" అంటాను.